షీబా ఇంట్లో మక్క కేకు

“మీ అమ్మకు చెప్పు, ఉప్పు డబ్బ ఏడ వెట్టిందో జెర సూపియ్యమని.”

చిన్నవ్వ ఈ మాట అన్నప్పుడు కోడలికి మూరెడు దూరంలో నిలబడి ఉంది. ఉప్పు డబ్బా కోడలి చేతిలోనే ఉంది.

“అమ్మా, బాపమ్మ ఉప్పు అడుగుతాంది,” అంది సింధూజ.

“మీ బాపమ్మకు చెప్పు, ఎప్పుడుండే కాడనే ఉన్నదని.”

సంగీత డబ్బాను ఠప్పున గట్టు మీద పెట్టింది. అత్త మీది కోపం దుత్త మీద అంటారు. దుత్త లేని ఇల్లు కాబట్టి ఉప్పు డబ్బా బలైంది.

అత్తాకోడళ్ల మధ్య మాటలు బందై అది నాలుగో రోజు. పరాయి దేశంలో, ఘాలా అనే పేటలో గ్యారేజీల వెనక, రెండో అంతస్తులో, రెండు గదుల ఇల్లు. అంత చిన్న ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకరికొకరు తగలకుండా తిరగడమే కష్టం. ఇక మాట్లాడుకోకుండా వంట చెయ్యడమంటే మాటలా?

సోమవారం జరిగింది ముందు చెప్పాలి. సింధూజకు గోధుమ పడదని డాక్టరు చెప్పి అప్పటికి రెండు నెలలు. గోధుమ, మైదా, రవ్వ, బార్లీ ఏదీ ముట్టకూడదు, అదీ బతికినంత కాలం. అంతకుముందు ఏడాదంతా ఆ పిల్ల కడుపునొప్పితో మెలికలు తిరిగి, ఎనిమిదేళ్లకు ఆరేళ్ల పిల్లలా మిగిలింది. రెండు నెలల పథ్యంతో బుగ్గలు కాస్త నిండుతున్నాయి. అప్పుడు ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన చిన్నవ్వ, పిల్ల బతిమాలిందని సగం చపాతీ తినిపించింది. రాత్రంతా వాంతులు, తెల్లారి ఆసుపత్రిలో గ్లూకోజు. ఇంటికి వచ్చాక సంగీత ఒకే ఒక్క మాట అంది.

“ఇగ నా బిడ్డకు నువ్వు ముద్ద పెట్టకు.”

 అప్పటి నుంచి చిన్నవ్వ మాట్లాడటమే మానేసింది. ఆ మాట వెనక్కి తీసుకునేదాకా కోడలితో నోరు విప్పనని కొడుకుతో చెప్పింది. సంగీత కూడా తక్కువ తినలేదు. పిల్లను ఆసుపత్రి పాలు చేసినామె ముందు మాట్లాడాలి గానీ నేనెందుకు మాట్లాడాలి అని కూర్చుంది.

మధ్యలో సింధూజ పోస్టుమాన్ అయింది. మొదటి రోజు అదొక ఆటలా ఉంది. రెండో రోజు తాను లేకపోతే ఇంట్లో పొయ్యి వెలగదని తెలిసి కొంచెం గొప్పగా కూడా తిరిగింది. మూడో రోజుకు అసలు కిటుకు పట్టేసింది. చెప్పిన మాట చెప్పినట్టే చేరవెయ్యాలని రూలేం లేదు. “మీ బాపమ్మకు కండ్లు నెత్తికెక్కినయి” అన్న మాట, ఆ పిల్ల నోట్లోంచి వచ్చేసరికి “బాపమ్మా, అమ్మ నిన్ను అన్నం తినుమంటాంది” అని వచ్చింది. చిన్నవ్వ నిజంగానే వచ్చి అన్నం తిన్నది.

తలుపు తెరుచుకుంది. శుక్రవారం సెలవు కదా అని పొద్దున్నే బజారుకు పోయిన భూమేశ్, చెప్పులు కూడా విప్పకుండా వంటింట్లోకి దూసుకొచ్చాడు. గ్యారేజీలో బండ్లకు రంగులు వేసే మనిషి. ఎంత కడిగినా గోళ్లలో రంగు పోదు. ఆ చేతుల్లో ఒక డబ్బా పట్టుకుని చంటిపిల్లను ఎత్తినట్టు పైకెత్తాడు.

“సింధూ! గిది సదువు బిడ్డా. గట్టిగ సదువు!”

ఈ రెండు నెలల్లో సింధూజ చదివినన్ని డబ్బాలు కంపెనీ స్టోర్ కీపర్ కూడా చదివి ఉండడు. బిస్కెట్ పొట్లం, సాస్ సీసా, చాక్లెట్ కాగితం, ఏది చేతికొచ్చినా వెనక్కి తిప్పి సన్న అక్షరాలు చదవడం, పెదవి విరిచి తిరిగి ఇచ్చెయ్యడం. ఇప్పుడూ అలాగే వెనక్కి తిప్పింది.

“కార్న్ బ్రెడ్ మిక్స్... గ్లూటెన్ ఫ్రీ...” వేలు పెట్టి ఒక్కో మాటా చదువుతోంది. “మక్కపిండి. బియ్యంపిండి. చక్కెర. బేకింగ్ పౌడర్. ఉప్పు...” వేలు ఆగింది. “డాడీ, అయిపోయింది! ఇంకేం లేదు! గోధుమ లేదు! మైదా లేదు! అమ్మా, కేకు! నేను తినే కేకు!”

సంగీత డబ్బా లాక్కుని తాను కూడా చదివింది. మళ్లీ ఒకసారి చదివింది. డబ్బా మీది బొమ్మలో పచ్చగా, పైన పగులిచ్చి, ఎత్తుగా పొంగిన కేకు ఉంది. నాలుగు రోజులుగా ఉన్న నొసటి ముడి విడిపోయింది.

“ఏడ దొరికింది? ఎన్ని దుకాండ్లు తిరిగినమయ్యా దీని కోసం!”

“ఒక్కటే ఉండె. వెనుకకు, మూలకు వడి ఉండె. ఇంకొకామె చెయ్యి సాపేలోపట నేను దొరకవట్టిన.” భూమేశ్ ఛాతీ ఉబ్బింది. “ధర మాత్రం అడుగకు.”

“అమ్మా, ఇయ్యాల్నే! నఫీసా బర్త్‌డే ఇయ్యాల్నే!” సింధూజ గంతులేస్తోంది.

నఫీసా పక్క బిల్డింగులో ఉంటుంది, సింధూజ క్లాసే. ఆరింటికి కేకు కోస్తారు. పోయిన నెల ఇంకో పిల్ల బర్త్‌డేకు సింధూజ డబ్బాలో ఉడకబెట్టిన గుడ్డు, అరటిపండు పట్టుకుపోయి, అందరూ కేకు తింటుంటే గోడ పక్కన కూర్చుని గుడ్డు తిన్నది. ఇంటికి వచ్చి ఏడవలేదు. ఏడిస్తే బాగుండేదని సంగీతకు ఇప్పటికీ అనిపిస్తుంది.

చిన్నవ్వ డబ్బా మీది మక్కకంకి బొమ్మ చూసింది. చూసి గొంతు సవరించుకుంది.

“మీ అమ్మకు చెప్పు. మక్కపిండి అయితె నాకియ్యమను. ఉడుకు నీళ్లు వోసి పిసికి, పెనం మీద పది రొట్టెలు కాల్చిస్త.”

“మీ బాపమ్మకు చెప్పు, ఇది రొట్టెల పిండి కాదు అని.”

ఈసారి పోస్టుమాన్ సొంతంగా జవాబిచ్చింది. “బాపమ్మా, బర్త్‌డేల రొట్టె ఎవరన్న తింటరా? అందరు తినే అసుంటి కేకే గావాలె నాకు.”

కేకంటే ఓవెన్ కావాలి. ఓవెన్ కింది అంతస్తులో షీబా ఇంట్లో ఉంది. సంగీత డబ్బా, ఒక గిన్నె, ఒక గంటె, తెల్లగుడ్డ అన్నీ సంచిలో వేసుకుంది. సింధూజ బాపమ్మ చెయ్యి పట్టి గుంజింది.

“నన్నెవరు పిలిచిండ్రు?” అంది చిన్నవ్వ, సంగీత వినేలా.

“నేను పిలిచిన,” అంది సింధూజ.

 చిన్నవ్వ కొంగు సర్దుకుని మెట్లు దిగింది. వెనకే భూమేశ్ వచ్చాడు.

*

షీబాది పాలకొల్లు. భర్త కంపెనీ బస్సు నడుపుతాడు. ప్రతి క్రిస్మస్‌కూ చర్చి వాళ్లందరికీ కేకులు చేసి పంచడం ఆమెకు సరదా. తలుపు తీసి నలుగురినీ చూసి, ముందు చిన్నవ్వ చెయ్యి పట్టుకుంది.

“ఆయ్, రండి మామ్మగారూ, రండి! వచ్చి ఇన్నాళ్లయింది, ఒక్కసారైనా కిందికి దిగారా? ఏంటి సింధూ, ఆ మొహంలో వెలుగేంటి?”

“ఆంటీ, కేకు! నాది!”

విషయం వినగానే షీబా నడుము బిగించింది. ఓవెన్ వెలిగించి తలుపు మూసింది. ఎర్రదీపం వెలిగింది. చిన్నవ్వకు కుర్చీ వేస్తే కూర్చుని, వంగి ఓవెన్ లోపలికి చూసింది.

“అండ్ల ఏం లేదు గద బిడ్డా? ఉత్త పొయ్యి కాలవెట్టుడేంది?”

“ముందు వేడెక్కాలి మామ్మగారూ. చల్లటి దాంట్లో పెడితే పొంగదు.”

“మా తాన పెనం గట్లనే కాలాలె,” అంది చిన్నవ్వ. షీబాతో మాట్లాడటానికి ఆమెకు పట్టింపేమీ లేదు. పైగా నాలుగు రోజుల మాటలు లోపల నిలవున్నాయి. “మక్కపిండిల చక్కెరేస్తరా వీళ్లు? మక్కరవ్వ ఉడుకవెట్టి గటక జేసి, అండ్ల సల్ల వోసుకొని తింటె ఉంటది, ఆ రుచి వేరు.”

“ఎప్పుడైనా చేసిపెట్టండి మామ్మగారూ.”

“ఎందుకు చెయ్య? సేతులైతె ఉన్నయి.” చిన్నవ్వ ఓరకంట కోడలి వైపు చూసింది. సంగీత విననట్టే ఉంది.

సంగీత జాగ్రత్త చూస్తే షీబాకు నవ్వొచ్చింది. కడిగిన గిన్నెనే మళ్లీ రెండుసార్లు కడిగింది. గట్టంతా తన గుడ్డతో తుడిచింది. షీబా గరిటె ఇవ్వబోతే వద్దని ఇంటి నుంచి తెచ్చిన గంటె తీసింది. డబ్బా చింపి పచ్చటి పిండి గిన్నెలో పోసింది. రెండు గుడ్లు, కప్పు పాలు, కరిగించిన వెన్న. గంటె తిరుగుతుంటే పిండి పసుపు ముద్దలా నిగనిగలాడింది.

“ఒక్కసారి, అమ్మా, ఒక్కటే సారి!” సింధూజ గంటె అందుకుని తానూ తిప్పింది. భూమేశ్ ఫోన్‌లో వీడియో తీస్తున్నాడు.

“భూమేశన్నా, నా వంటిల్లు సర్దలేదు, అటువైపు తియ్యకండి!” అని అరిచి, షీబా తన పాత కేకు గిన్నె అందించింది. “సంగీతా, త్వరగా. వేడెక్కిపోయింది. వెన్న రాసి, ఇదిగో ఈ చిన్న డబ్బాలోది కాస్త చల్లి దులిపెయ్. లేకపోతే కేకు అడుగంటుకుని చస్తాం.”

పోయిన క్రిస్మస్‌కు ఇదే గట్టు దగ్గర సంగీత నేర్చుకున్న పనే. వేలితో వెన్న రాసింది. చిన్న డబ్బాలోంచి చిటికెడు తెల్లపిండి చల్లింది. గిన్నెను అరచేతుల మధ్య తిప్పుతూ టపటపా తట్టింది. పొడి అంతా పల్చగా పరుచుకుంది. ఆమె కళ్లు గోడ గడియారం మీద ఉన్నాయి. మూడూ ముప్పావు. ఆరింటిలోగా చల్లారాలి. చేతులు మాత్రం అలవాటైన పని వాటంతట అవే చేసుకుపోయాయి.

అందరిలో ఒక్క చిన్నవ్వ మాత్రమే ఆ చేతుల్ని చూసింది. వాటిని చూడ్డం తప్ప ఆమెకు వేరే పని లేదు మరి.

భూమేశ్ తెచ్చిన డబ్బాలో పిండి పచ్చగా ఉంది. ఈ పిండి తెల్లగా ఉంది. ఆ డబ్బా ఇంటి నుంచి వచ్చింది. ఈ డబ్బా ఇక్కడిది. చిన్నవ్వ నోటిదాకా వచ్చిన మాటను నాలుక చివర ఆపుకుంది. ఆనాడు పడ్డ మాట ఇంకా మండుతోంది. చపాతీ పెట్టిన మనిషి ఇప్పుడు పిండి గురించి నోరెత్తితే కోడలు ఏమంటుందో! సింధూజను దగ్గరికి రమ్మని సైగ చేసింది.

“మీ అమ్మను అడుగు బిడ్డా. గిన్నెకు సల్లిన ఆ తెల్లపిండి ఏందని.”

సింధూజ గట్టు వైపు చూసింది. చిన్న డబ్బా మీద షీబా ఆంటీ స్కెచ్ పెన్నుతో ఇంగ్లీషులో పేరు రాసి అంటించింది. మైదా.

ఆ పిల్ల అక్కడే ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా వెళ్లి అమ్మ చున్నీ పట్టుకుంది. పిండి అప్పటికే గిన్నెలోకి జారుతోంది. సంగీత వంగి చూసింది. బుగ్గకు పచ్చటి చుక్క అంటుకుని ఉంది. నవ్వుతోంది. సోమవారం తర్వాత అమ్మ నవ్వడం అదే మొదటిసారి.

“ఏంది బిడ్డా?”

“అమ్మా... కేకు ఎంతసేపు వడ్తది?”

“ఇరవై అయిదు నిమిషాలు. ఎట్లనో అట్ల ఓపిక వట్టు!”

సింధూజ తిరిగి కుర్చీ దగ్గరికి వచ్చింది.

“అడిగిన బాపమ్మా. ఏం గాదట.”

చిన్నవ్వ గుండె తేలికైంది. చదువుకున్న కోడలు, అన్నీ తెలిసే చేస్తుంది అనుకుని వెనక్కి వాలింది. సింధూజ ఓవెన్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ చిన్న బుర్రలో లెక్క తేలిపోయింది. పొడి అంటింది గిన్నె అడుగుకు, అంచులకు. నడిమి పైముక్క తింటే ఏం కాదు. చెబితే మాత్రం మొత్తం పారేస్తారు. ఇంకో డబ్బా లేదు. అమ్మ నవ్వు కూడా ఉండదు.

*

పది నిమిషాలకు వాసన మొదలైంది. కాల్చిన కంకి మీద వెన్న రాసినట్టు కమ్మగా, వెనకాల కొంచెం తీపిగా. షీబా తలుపులన్నీ తెరిచి ఉంచడంతో మెట్ల మీద పోయేవాళ్లు కూడా తొంగి చూశారు.

“పొంగుతాంది! డాడీ, పొంగుతాంది!”

ఐదుగురూ ఓవెన్ అద్దం ముందు చేరారు. చిన్నవ్వ కూడా కుర్చీ వదిలి వచ్చింది. చోటు చాలక అత్తాకోడళ్ల భుజాలు తగిలాయి. ఇద్దరూ జరగలేదు. లోపల పచ్చటి కేకు గిన్నె అంచులు దాటి లేచింది. నడుమ చిన్న పగులు పడి, అది నోరు తెరిచినట్టు పెద్దదైంది.

“బొమ్మల ఉన్నట్టే!” భూమేశ్ ఈల వేశాడు. “అవ్వా, సూసినవా?”

“సూస్తున్న గదరా. మా మక్కలకు గింత సోకు ఉన్నదని నాకేం ఎరుక!”

సంగీతకు ఫక్కున నవ్వొచ్చింది. అత్త మాటకు నవ్వకూడదని పెదవి కొరుక్కుంది గానీ చిన్నవ్వ చూడనే చూసింది.

గిన్నె బయటికి వచ్చింది. కాసేపాగి షీబా పళ్లెం మీద బోర్లించి తట్టింది. కేకు ఒక్క తునక కూడా విరగకుండా ఊడి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

“ముందు మా పెళ్లికూతురికి!” షీబా కత్తి తీసుకుంది.

“ఆంటీ, నాకు నడిమిది. పైన పైనది. కింద వద్దు, అంచు వద్దు.”

“అంచే కదే కరకరలాడేది!”

“వద్దు. పైనదే.”

షీబా నడుమ నుంచి పైముక్క కోసి ఇచ్చింది. వేడి పొగలు వస్తున్నాయి. సింధూజ దాన్ని తిప్పి చూసింది. గోటితో కింది పొరంతా గీకింది. మళ్లీ చూసింది. మళ్లీ గీకింది.

చిన్నవ్వ అది చూసింది. రెండు నెలలుగా కేకు కేకని కలవరించిన పిల్ల, చేతికందిన కేకును ఎందుకు గీకుతోంది? ఎవరు చెప్పారు దానికి కింద వద్దని? ఆమె మనవరాలి మీదికి వంగింది.

“సింధూ, మీ అమ్మను అడిగినవా లేదా? నిజం జెప్పు.”

సింధూజ జవాబుగా ముక్క మొత్తం నోట్లో కుక్కుకుంది. బుగ్గ ఉబ్బింది. కళ్లు పెద్దవయ్యాయి.

ఇక చిన్నవ్వ ఆగలేదు. పంతం, అవమానం, సోమవారం అన్నీ ఎటు పోయాయో ఆమెకే తెలియదు.

“సంగీతా! ఆ గిన్నెకు సల్లిన తెల్లపిండి ఏందే?”

సంగీత చప్పున తిరిగింది. అత్త తనను పేరు పెట్టి పిలిచింది! ముందు ఆ సంగతే చెవికెక్కింది. ఆ క్షణాన ఆమె మొహం విప్పారిపోయింది. నాలుగు రోజులు ఆమె ఎదురుచూసింది ఈ పిలుపు కోసమేనని అప్పుడు గానీ తెలియలేదు. “ఏంది అత్తమ్మా?” అని ఎంతో ప్రేమగా అంది. ఆ తర్వాత మిగతా మాట అర్థమైంది.

“తెల్లపిండా... ఏ తెల్లపిండి?”

షీబా చేతిలోంచి కత్తి గట్టు మీద పడింది. “అయ్యో ప్రభువా! సంగీతా... మైదా. నేనే ఇచ్చాను. అలవాటులో ఇచ్చేశాను!”

సంగీత తన రెండు చేతులవైపు చూసుకుంది. గోళ్ల సందుల్లో ఇంకా తెల్లగా ఉంది. ఆసుపత్రి నుంచి రాగానే ఇల్లంతా గాలించి గోధుమపిండి బయట పారేసింది తానే. అత్తను అంత మాట అన్నదీ తానే. ఆ చేతులతోనే గిన్నెకు చల్లింది.

“నిన్ను అడుగుమన్న గద బిడ్డా,” చిన్నవ్వ సింధూజ వైపు తిరిగింది. “ఏం గాదన్నదంటివి?”

“నన్నెప్పుడడిగింది?” సంగీత కూతురి వైపు చూసింది. సింధూజ చూపు దించింది. ఆ దించడంతో అందరికీ తెలిసిపోయింది. పిల్ల డబ్బా మీది పేరు చదివింది. తెలిసే నోరు మూసుకుంది.

భూమేశ్ ఫోన్ దించాడు. “సింధూ, మింగకు! మింగకు బిడ్డా!”

సంగీత మోకాళ్ల మీద కూలబడి కూతురి గడ్డం కింద అరచెయ్యి పట్టింది. “ఉమ్మెయ్. నా సేతుల ఉమ్మెయ్. నేనేం అననే. అత్తమ్మా, జెర నీళ్లు అందియ్యి, తొందరగ!”

“నీళ్లు తర్వాత. ముందు దవడ వట్టు.” చిన్నవ్వ కూడా పక్కనే కూర్చుని తన చెయ్యి చాపింది. “నా బంగారం గదా. తూ అను. రేపు పొద్దుగాల మీ అమ్మ, నేను కలిసి ఇంకోటి చేస్తం. గిట్లనే పొంగుతది. ఏం సంగీతా?”

“చేస్తం, చేస్తం! ఇద్దరం చేస్తం!”

గడ్డం కింద రెండు అరచేతులు పక్కపక్కన ఆనుకుని ఉన్నాయి. సింధూజ కదల్లేదు. ఉబ్బిన బుగ్గతో అమ్మను చూసింది, బాపమ్మను చూసింది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి.

ఆ పిల్ల గొంతు ఒకసారి కదిలింది.

తర్వాత నోరు తెరిచింది. నోట్లో ఏమీ లేదు.

“మస్తుగున్నదమ్మా,” అంది.